గొట్టమా, వైరా

అన్నకు నడుము కింద చచ్చుబడ్డాక ఆరాధనకు తీసుకెళ్ళడానికి నా పాత టర్బో డీజిల్ కారే దిక్కయింది. సీటు బాగా వెనక్కి వాలిస్తే తప్ప ఆయన కూర్చోలేడు, ఆటోలో కుదరదు. బెంగళూరు మడివాళ నుంచి కె.ఆర్.పురంలోని మా చర్చి సంఘానికి ప్రతి ఆదివారం అలాగే వెళ్ళేవాళ్ళం. ఇంతలో కారు ఎత్తు ఎక్కలేక నల్లపొగ కక్కడం మొదలుపెట్టింది.

మెకానిక్ తాతల కాలం నుంచి బెంగళూరులోనే ఉన్న తెలుగువాడు. బానెట్ మూసి, "ఇంజిన్‌లోకి గాలి తోసే టర్బో అయిపోతా ఉండాదప్పా. ఈ బండికి కొత్తది దొరకదు. బూస్ట్ మీటరు పెట్టుకో. గాలి ఎంత తోస్తా ఉండాదో చూసి తోలుకోవచ్చు" అన్నాడు.

మీటర్లు రెండు రకాలట. మెకానికల్ దానికి ఇంజిన్ నుంచి సన్న గొట్టం లోపలికి వస్తుంది, ఆ గాలే ముల్లును తోస్తుంది. ఎలక్ట్రానిక్ దానికి సెన్సర్ గాలిని కొలిచి వైరులో కబురు పంపుతుంది. వారమంతా ఈ సంగతి ప్రార్థనలో పెట్టాను.

"గొట్టమే పెడదాం అన్నా. మధ్యలో ఎవరూ ఉండరు, నేరుగా వస్తుంది."

అన్న నవ్వాడు. "ప్రభువు మధ్యవర్తిగా లేనిదే పరలోకపు తండ్రి దగ్గరికి పోలేమని సండే స్కూలు పిల్లలకు చెప్తావు. కారుకు మాత్రం మధ్యవర్తి వద్దంటావేంరా?"

నవ్వులాటకే అన్నాడు. కానీ ఆ మాటను తేలిగ్గా తీసుకోవడం నాకు చేతకాదు. వైరుదే బిగించమన్నాను.

"గొట్టం తెగితే బుస్సుమని తెలుస్తాది. సెన్సర్ చెడితే ఊరికే అబద్ధం చెప్తాది. ఇదే ఎందుకప్పా?" అన్నాడు మెకానిక్.

"బైబిల్ వాక్యానికి తగ్గట్టు."

"మీటరుకు కూడానా!"

ఆ ఆదివారం రైల్వే వంతెన ఎక్కుతుంటే ముల్లు కొంచెం లేచి జారిపోయింది. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కినా కదల్లేదు. సెన్సరే అబద్ధం చెబుతోందని నమ్మాలనిపించింది. కానీ ఎత్తు మధ్యలో ఆగిపోతున్న కారూ అదే చెబుతోంది. వెనక లారీల హారన్లు. 'ప్రభువా' అనుకోవడం తప్ప నా చేతిలో ఏమీ లేకపోయింది.

"ఎంత చూపిస్తోందిరా?"

"సున్నా అన్నా."

అన్న వాచీ చూసుకున్నాడు. "ఈపాటికి పాటలు మొదలుపెట్టి ఉంటారు. తిప్పెయ్యరా, ఇంటికి పోదాం."

తిప్పడానికీ చోటు లేదు. హ్యాండ్ బ్రేకు లాగి, సీట్లో వెనక్కి జారిపోతున్న ఆయన్ను ఒక చేత్తో ఆపుకుంటూ, లారీలన్నీ మమ్మల్ని తిడుతూ దాటిపోయేదాకా అక్కడే ఉండిపోయాను.