నాన్న లైఫ్ స్కెచ్

మా చర్చి సంఘంలో ఎవరైనా చనిపోతే, ఆ తర్వాత వచ్చే ఆదివారం ఆదరణ కూడిక పెడతారు. అందులో పోయినవారి జీవితాన్ని ఒక పేజీలో రాసి చదువుతారు. దాన్ని లైఫ్ స్కెచ్ అంటారు. ఇంట్లో చదువుకున్నవాళ్లు ఎవరుంటే వాళ్లే రాయాలి. మా ఇంట్లో ఆ చదువుకున్నదాన్ని నేను. అప్పటికి విశాఖలో యూనివర్సిటీలో ఎం.ఏ. రెండో ఏడాదిలో ఉన్నాను. నాన్నను సమాధి చేసిన మర్నాడు సంఘ కార్యదర్శి గారు నర్సీపట్నంలోని మా ఇంటికి వచ్చి, "ఆదివారానికి లైఫ్ స్కెచ్ నువ్వే రాసీమ్మా. నీకేటి, పెద్ద సదువు సదువుతన్నావు, సిటికెలో పని" అన్నారు.

సరేనన్నాను. అప్పుడు ఎవరేమన్నా సరేనంటున్నాను. యూనివర్సిటీకి వెళ్లాకే నాకు రాయడం రాదని తెలిసిందని ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు.

డిగ్రీ దాకా నాది బట్టీ చదువు. మా కాలేజీలో అందరిదీ అదే. గైడు కొనుక్కోవడం, వస్తాయనుకున్న ప్రశ్నల దగ్గర టిక్కు పెట్టుకోవడం, సాయంత్రం డాబా మీద అటూ ఇటూ నడుస్తూ పైకి చదవడం. పక్కింటి డాబా మీద ఇంకో అమ్మాయి అదే ప్రశ్న చదువుతుంటే, ఎవరు ముందు అప్పచెబుతారా అని లోపల్లోపల పందెం. నాకు మిగతావాళ్లకంటే సులువుగా వచ్చేది. సండేస్కూల్లో బైబిలు కంఠత వాక్యాల పోటీకి చిన్నప్పటి నుంచీ అలవాటు పడిన నాలుక కదా. చూసినది చూసినట్టు దించేసేదాన్ని. మార్కులూ అలాగే వచ్చేవి.

ఎం.ఏ.లో మొదటి టర్మ్ పేపరు వలసల మీద. మూడు గైడ్లు ముందేసుకుని, ఒక్కోదాంట్లోంచి కొంత తీసి, చేతివ్రాత బాగుంటుందని పేరున్నదాన్ని కాబట్టి ముత్యాల్లా రాసి ఇచ్చాను. మా మేడమ్ దాన్ని తిరిగి ఇచ్చినప్పుడు మార్జిన్ నిండా పెన్సిల్‌తో ఒకటే మాట ఉంది. "ఎవరన్నారు?" ప్రతి పేరా పక్కనా అదే.

"పుస్తకంలో ఉంది మేడమ్" అన్నాను.

"ఏ పుస్తకం? రాసినవాళ్లకు ఎలా తెలిసింది?" అన్నారు ఆవిడ. కోప్పడలేదు, నిజంగానే అడుగుతున్నట్టు అడిగారు. అదే నన్ను ఇంకా మండించింది. సిగ్గు కాదు, కోపం వచ్చింది. ఇన్నేళ్లూ ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమన్న చదువు చెప్పి, ఇప్పుడొచ్చి ఎద్దు ఎలా ఈనుతుందని అడిగితే నేనేం చెప్పాలి? హాస్టల్‌కు వెళ్లి అన్నం తినకుండా పడుకున్నాను.

రెండోసారి రాసినప్పుడు ప్రతి మాటకూ ఎక్కడి నుంచి తీసుకున్నానో చూపించాలని కూర్చున్నాను. ఎలా చూపించాలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాకు తెలిసిన పద్ధతి ఒకటే ఉంది. సండేస్కూల్లో పుస్తకం, అధ్యాయం, వచనం చెప్పనిదే వాక్యం లెక్కలోకి రాదు. కాబట్టి నేనూ పుస్తకం పేరు రాసి, పక్కన మూడో అధ్యాయం, పద్నాలుగో పేరా అని అంకెలు వేసుకుంటూ పోయాను. పేరాలన్నీ వేలు పెట్టి లెక్కపెట్టి మరీ వేశాను. మేడమ్ ఆ అంకెలన్నీ చివరిదాకా చూశారు. తర్వాత, "మీరు క్రిస్టియన్సా?" అని అడిగారు. అవునన్నాను. నవ్వారు. ఎగతాళి నవ్వు కాదు. "మీకు సగం పని వచ్చే ఉంది. పేజీ నంబరు వేస్తే చాలు" అన్నారు.

ఆ మాటతో నాకు పని పట్టుబడింది. ఆవిడ నేర్పిన పద్ధతి పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. చదవడం, పుస్తకం మూసేయడం, మూసిన పుస్తకం ముందు కూర్చుని తెలిసినంత మాత్రం మన మాటల్లో రాయడం. రాయలేకపోతే అర్థం కానట్టే, మళ్లీ చదవాలి. ఎవరి అభిప్రాయమైతే వారిదని చెప్పాలి. ఆధారం లేనిదాన్ని లేదని రాయాలి. మొదట్లో మూసిన పుస్తకం ముందు గంటల తరబడి కూర్చున్నా నాలుగు వాక్యాలు వచ్చేవి కావు. రెండో ఏడాదికి అలవాటైపోయింది. అలవాటు ఎంత ముదిరిందంటే, బస్సులో పక్కావిడ ఈ ఏడు జీడిపిక్కలు బాగా కాస్తాయట అన్నా, ఎవరన్నారో అని మనసులో అనుకునేదాన్ని. హాస్టల్ రూమ్‌లో అమ్మాయిలు నన్ను పోలీసని పిలిచేవాళ్లు.

నాన్న పోయాడని ఫోను వచ్చినప్పుడు లైబ్రరీలో ఉన్నాను. ఇంట్లోనే, మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నవాడు లేవలేదు. ఫోన్‌లో మా మేనమామ ఏడుస్తున్నాడు. నేను సరే, వస్తున్నానన్నాను. ఫోను పెట్టేసి, వచ్చి మళ్లీ నా సీట్లో కూర్చుని, చదువుతున్న పేజీ నంబరు నోట్సు కార్డు మీద రాసుకున్నాను. పుస్తకం కౌంటర్లో ఇచ్చి, బ్యాగు తీసుకుని, బస్సెక్కాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే మంచిదైంది అనుకున్నాను కూడా.

సమాధి దగ్గర ఏడుపు రాలేదు. అందరూ నన్ను చూసి "పిల్ల దైర్యంగా ఉంది" అన్నారు. నాలో ధైర్యం అనదగ్గది ఏమీ లేదు. కాళ్లు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, అలా ఉంది నాకు ఒళ్లంతా.

కార్యదర్శి గారు నమూనాకని పాత లైఫ్ స్కెచ్‌లు కొన్ని ఇచ్చి వెళ్లారు. చదివాను. అందరూ దైవభీతి గల కుటుంబంలోనే పుట్టారు. అందరూ ప్రార్థనాపరులే, అందరూ సంఘానికి మూలస్తంభాలే, చివరికి అందరూ ప్రభువునందు నిద్రించారు. మనిషి మారినా ఆ మాటలు మారలేదు. మార్జిన్‌లో పెన్సిల్ పెట్టాలని చెయ్యి లాగింది. మా నాన్న బస్సు డ్రైవరు. ఏజెన్సీ వైపు కొండల్లో ఘాటీ రూటు. ఆదివారాలు ఎక్కువగా డ్యూటీయే. డ్యూటీ లేని ఆదివారం గుడికి, అంటే చర్చికి, వచ్చినా వెనక తలుపు దగ్గర నిలబడేవాడు, ప్రసంగం సగంలో బయటికి పోయేవాడు. ఇంట్లో కుటుంబ ప్రార్థన అమ్మ చేసేది. అప్పుడు నాన్న మంచం మీద కళ్లు తెరిచే పడుకుని ఉండేవాడు.

అమ్మ నా పక్కన కూర్చుని కాగితం వైపు చూసింది. అమ్మ చదవగలదు, నెమ్మదిగా.

"ప్రార్థనాపరులని రాసేవా?" అంది.

"నేదమ్మా."

"రాయి."

"నాన్న ప్రార్థన సేయడం నేనెప్పుడూ సూడనేదు కదా."

అమ్మ కాగితం తన వైపు లాక్కుంది. తర్వాత గొంతు పెంచకుండానే అంది. "నాను ఇన్నేళ్లూ ఆడోళ్ల వైపు ఒక్కదాన్నే కూకున్నాను. మీ ఆయన రానేదా, మీ ఆయన రానేదా అని పెతి వారం అడిగీవోరు. ఇనీ ఇనీ నా సెవులు కాయలు కాసిపోయేయి. అందరికీ సదివిన మాట మీ నాన్నకి సదవకపోతే, ఆళ్లనుకున్నదే నిజమని ఆయన కూతురే సెప్పినట్టుంటాది. ఆ ఒక్క మాటా ఉండాల."

అది అమ్మకు ఎంత అవసరమో నాకు అర్థమైంది. అర్థమైనా చెయ్యి ఆడలేదు. తెలియని మాట రాయకూడదని నేర్చుకోవడానికి నేను పడ్డ పాట్లు నాకు తెలుసు. అదొక్కటే అప్పుడు నా దగ్గర గట్టిగా మిగిలి ఉంది. దాన్ని కూడా వదిలేస్తే పట్టుకోవడానికి ఇంకేమీ లేదనిపించింది.

అందుకని యూనివర్సిటీలో ఏం చేస్తానో అదే చేశాను. సంఘం రికార్డులో నాన్న బాప్తిస్మం సంగతి చూశాను. నాన్నతో పాటు అదే రూట్లో తిరిగిన డ్రైవరు గారొకరు బస్‌స్టాండులో ఉంటే వెళ్లి మాట్లాడాను. ఆయన టీ తాగించి, "మీ నాన్నగారు ఘాటీలో హారన్ ఊరికే కొట్టీవోరు కాదమ్మా. మలుపు కాడ ఎదర బండొస్తే తనే ఎనక్కి తీసీవోరు. ఎవులితోనూ పోటీకెళ్లీవోరు కాదు" అన్నారు. ప్రార్థన సంగతి అడిగాను. ఆయన ఇబ్బందిగా చూశారు. "నాను సూణ్ణేదమ్మా. దేవుడి సంగతి, అబద్దమాడకూడదు" అన్నారు. ఆ మాట కూడా కార్డు మీద రాసుకున్నాను.

ఆదివారం గుడి నిండింది. కార్యదర్శి గారు నన్ను పిలిచారు. వెళ్లి మైకు ముందు నిలబడి చదివాను. "సంఘ రికార్డు ప్రకారం మా నాన్నగారు ఈ గుడిలోనే బాప్తిస్మం పొందారు. వారితో పనిచేసిన డ్రైవరు గారు చెప్పినదాని ప్రకారం, వారు ఘాటీలో ఎవరితోనూ పోటీకి వెళ్లేవారు కాదు." సెమినార్‌లో పేపరు చదువుతున్నట్టే చదివాను. "మా అమ్మ చెప్పినదాని ప్రకారం, వారు ప్రార్థనాపరులు."

అది న్యాయమైన వాక్యమనే నేను అనుకున్నాను. అమ్మ అడిగిన మాట ఉంది, ఎవరిదో వారిదని చెప్పడమూ ఉంది. కానీ గుడిలో చదివితే ఎలా వినిపిస్తుందో ఆలోచించలేదు. ఆడవాళ్ల వైపు చిన్న కదలిక వచ్చింది. ఒకావిడ పక్కావిడ వైపు తిరిగింది. కార్యదర్శి గారు గొంతు సవరించుకుని నేల వైపు చూశారు. అమ్మ చెబుతున్నా కూతురు ఒప్పుకోవడం లేదన్నమాట అని వాళ్లందరికీ తెలిసిపోయింది. యూనివర్సిటీలో ఇదే వాక్యానికి మార్కులు వేస్తారు.

అమ్మ లేచి నిలబడింది. మా గుడిలో సాక్ష్యం చెప్పాలనుకున్నవారు ఎవరైనా లేవచ్చు. అమ్మ మాత్రం అంతకుముందు ఎప్పుడూ లేవలేదు.

"ఆ మాట నాను సెప్పిందేనండీ" అంది. "పిల్లకి తెల్దు. డ్యూటీకెళ్లే ముందు గుమ్మం కాడ కూకుని బూట్లు ఏసుకునీవోరు. ఏసుకోడం అయిపోయినాక కూడా అలగే తలొంచుకుని ఉండీవోరు. కాసేపు. ఏటి సేస్తన్నారని నానెప్పుడూ అడగనేదు. నాకు తెలుసు." అని కూర్చుంది.

ఎవరో ఆమెన్ అన్నారు. నేను తర్వాతి వాక్యం చదివాను.

గుమ్మం దగ్గర అలా ఉండడం నేనూ చూశాను. ఎన్నోసార్లు చూశాను. డ్రైవర్లకు నడుం పోతుంది కదా, నడుం నొప్పి అనుకున్నాను. అమ్మ చూసిందీ నేను చూసిందీ ఒకటే. అమ్మ ప్రార్థన అంది, నేను నొప్పి అన్నాను. అడగడానికి మనిషి లేడు. నాకు తెలిసిన పద్ధతుల్లో దాన్ని తేల్చే దారి ఏదీ లేదు. ఇప్పటికీ నేను మైకులో చదివిన ఆ వాక్యం తప్పని అనను. కానీ నాన్న బతికుండగా, ఏటి నాన్నా అలగ ఉన్నావు అని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. ఊళ్లో అందరినీ ఎవరన్నారు, ఎలా తెలుసు అని పీకేదాన్ని, ఇంట్లో మనిషిని అడగలేదు.

షామియానా కింద భోజనాలయ్యాయి. వచ్చినవాళ్లు అమ్మ చేతులు పట్టుకుని, మంచి సాక్ష్యం చెప్పావమ్మా అన్నారు. అమ్మ వాళ్లతో ఏడ్చింది. నన్నెవరూ ఏమీ అనలేదు. సాయంత్రానికి అందరూ వెళ్లారు. అమ్మ వంటింట్లో మిగిలిన అన్నం గిన్నెలోకి తీస్తోంది. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. అమ్మ తిడుతుందేమోనని చూస్తున్నాను. తిట్టలేదు.

"ఆళ్లేటన్నారు, నానేటన్నాను, అన్నీ రాసేవు" అంది గిన్నె మీద నుంచి తల ఎత్తకుండా. "నీ నాన్న కదా. నీకేటి అనిపిస్తందో ఒక్కటీ రాయనేదేటే?"

మూసిన పుస్తకం ముందు కూర్చున్నట్టు చాలాసేపు కూర్చున్నాను. ఆధారం అక్కర్లేని ప్రశ్న అది. ఎవరినీ అడగక్కర్లేదు.

"నాకేటీ అనిపించట్లేదమ్మా" అన్నాను. "ఫోనొచ్చిన కాణ్ణించి ఏటీ నేదు. అందుకే రాయనేదు."

అమ్మ గరిటె కింద పెట్టింది. నా వైపు చూసింది. పొద్దుట్నుంచి ఏడ్చిన కళ్లు వాచి ఉన్నాయి.

"నాకూ అంతేనే" అంది. "అందరూ వస్తన్నారు కదా అని ఏడుస్తన్నాను."

బయట గేటు చప్పుడైంది. కార్యదర్శి గారి భార్య వందనాలు అంటూ లోపలికి వస్తోంది. అమ్మ కొంగు తీసి ముఖానికి అడ్డం పెట్టుకుంది, భుజాలు కదలడం మొదలైంది. నేను లేచి ఆవిడకు కుర్చీ వేశాను.