ఖలీల్ భాయ్ మూడో గిటారు

మొన్న గురువారం ఉదయం ఎనిమిదీ పదికి, వికారాబాద్‌లోని మా వంటింట్లో మిక్సీ తిరుగుతుండగా వోల్టేజీ పడిపోయింది. మిక్సీ ఆగలేదు. దాని శబ్దం మాత్రం ఒక మెట్టు కిందికి జారి, లావై, అక్కడే ఉండిపోయింది. చట్నీ సగమే నలిగిందని మా ఆవిడ విసుక్కుని స్విచ్చి కట్టేసింది. అలా జారిన శబ్దం వింటే నాకు ఖలీల్ భాయ్ గుర్తొస్తాడు. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయనను ఎరిగినవాళ్ళు తాండూరులో పాలిష్ మిషన్ల దగ్గర పనిచేసినవాళ్ళు. వాళ్ళకు నేను కొత్తగా చెప్పవలసింది ఏమీ లేదు. ఇది ఆయనను చూడనివాళ్ళ కోసం.

మాది బొంరాస్‌పేట దగ్గర పల్లె. ఇంటర్ తప్పిన సంవత్సరం ఇంట్లో ముఖం చూపించలేక తాండూరు వెళ్ళి, నాపరాళ్ళు కోసి నునుపు చేసే ఒక చిన్న యూనిట్‌లో చేరాను. పాలిష్ అయిన బండలను సుత్తెతో మెల్లగా కొట్టి, విని, మంచివాటిని ఒకవైపు, పగులు ఉన్నవాటిని ఇంకోవైపు పెట్టించడం నా పని. కంటికి కనిపించని పగులు చెవికి దొరుకుతుంది. మంచి రాయి ఖంగుమంటుంది. లోపల చీలిన రాయి ఎంత మెరిసినా బోలుగా పలుకుతుంది. ఆ పని నేర్పినవాడు ఖలీల్ భాయ్, అక్కడి పెద్ద మేస్త్రీ. అప్పటికి నలభై దాటినవాడు. సన్నటి మనిషి. కనుబొమల మీద ఎప్పుడూ రాతిపొడి ఉండేది, అందుకని ఆయన వయసు సాయంత్రం ముఖం కడుక్కున్న తర్వాతే తెలిసేది.

చేరిన రెండో వారం. లారీ నిండుతోంది. సేటు పక్కనే నిలబడి తొందరపెడుతున్నాడు. ఒక బండను కొట్టాను, అనుమానం వచ్చింది, అయినా మంచిదే అన్నాను. ఖలీల్ భాయ్ అవతల మిషన్ దగ్గర ఉన్నాడు.

"మాణిక్, మల్ల కొట్టు."

కొట్టాను.

"ఏమన్నది?"

"మంచిగనే ఉంది భాయ్."

"రాయిని అడిగిన. నిన్ను కాదు."

మూడోసారి కొట్టి, బోలుగా ఉందని ఒప్పుకున్నాను. ఆయన సుత్తె నా చేతిలోంచి తీసుకోలేదు, గొంతు పెంచలేదు. "ఫస్టు దెబ్బకే ఎర్కైంది నీకు. సేటు నిలవడ్డడని చెప్పకపోతివి. సేటు పోతడు, లారీ పోతది. గా బండ ఎవరింట్లనో పరుస్తరు, దాని మీద ఒక ముసలమ్మ కాలు వెడ్తది. ఆమెకు నువ్వేం చెప్తవ్?" అన్నాడు. సేటు గొణుక్కున్నాడు. బండ పక్కకు పోయింది. ఆ తర్వాత చదువు చెప్పిన పెద్దవాళ్ళను చాలామందిని చూశాను. మొదటి దెబ్బకే తెలిసిన మాటను దాచుకోకూడదని ఇంత తక్కువ మాటల్లో చెప్పినవాళ్ళు ఇంకొకరు కనబడలేదు.

ఆ రోజుల్లో మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోయేది. మిషన్లు ఆగగానే ఖలీల్ భాయ్ బ్యాటరీలు వేసిన టేప్‌రికార్డర్ బయటికి తీసేవాడు. అందులో వినిపించేది ఒక విదేశీ రాక్ బ్యాండు. తాండూరు రాళ్ళ మధ్యకు అది పొరపాటున వచ్చింది. వికారాబాద్‌లో ఉండే ఆయన చెల్లెలు సుల్తానా, స్టేషన్ దగ్గర క్యాసెట్లకు నకళ్ళు తీసే దుకాణం నుంచి ఖవాలీ తెప్పించి అన్నకు పంపింది. దుకాణంవాడు పేర్లు తారుమారు చేశాడు. ఖవాలీ కోసం మీట నొక్కితే గిటారు మొదలైంది. తిరిగి ఇచ్చేద్దామనుకుంటూనే ఆయన రెండో వైపు కూడా విన్నాడట. "బ్లేడు రాయిలకు దిగినట్టుండె" అని ఆ మొదటిసారి గురించి చెప్పేవాడు. ఆ తర్వాత వికారాబాద్ వెళ్ళినప్పుడల్లా అదే బ్యాండు క్యాసెట్ ఇంకొకటి అడిగి తెచ్చుకున్నాడు.

అట్టల మీద జిరాక్స్ ఫోటోలుండేవి. పేర్లు చదవడానికి వీల్లేనంత నల్లగా ఉండేవి. ఇంగ్లీషు వచ్చినవాణ్ణని నన్ను పిలిచారు. పాటల్లో మాటలు నాకూ అర్థం కాలేదు. అయితే దుకాణంవాడు ఇచ్చిన ఒక పాత పత్రికలో ఆ బ్యాండు గిటారిస్టును మార్చిందని చదివి చెప్పాను. మొదటి క్యాసెట్‌లో ఉన్నవాడు వెళ్ళిపోయాడు, రెండోదానిలో ఉన్నవాడు కొత్తవాడు. అంతే, వాదన మొదలైంది. పత్రికలో గిటారిస్టుల పేర్లున్న ముక్క చిరిగిపోయింది కాబట్టి ఖలీల్ భాయ్ మా నాపరాళ్ళ రంగుల పేర్లు పెట్టాడు. మొదటివాడు నీలం. వాడి గిటారు చల్లగా, పదునుగా, చాలా వేగంగా ఉండేది. రెండోవాడు పసుపు. పాలిష్ మిషన్ నడిపే అంజయ్య నీలం పక్షం. నేను పసుపు పక్షం. ఒక్కటే నియమం: పాట ఆడుతున్నంతసేపు ఎవరూ నోరు తెరవకూడదు, చాయ్ గ్లాసు కూడా కింద పెట్టాలి. పాట అయ్యాక ఏమైనా అనుకోవచ్చు.

"నీలమోనికి బస్సు పోతదని భయం. లేకపోతే గంత ఉరుకుడెందుకు?" అనేవాడు ఖలీల్ భాయ్.

"ఉరుకుడస్తే ఉరుకుతడు భాయ్, చాతకానోడు కూసుంటడు. మాణిక్ పసుపోని లెక్క," అనేవాడు అంజయ్య.

"పసుపోడు ఎక్కడ ఆగాల్నో అక్కడ ఆగుతడు," అనేవాణ్ణి నేను.

"ఆగుడే ఎక్కువ వానిది. అచ్చం మా బామ్మర్ది," అనేవాడు ఖలీల్ భాయ్.

అప్పటిదాకా ఖలీల్ భాయ్‌ది ఏ పక్షమూ కాదు. మూడో క్యాసెట్ వచ్చాక ఆయనకొక మనిషి దొరికాడు. దాని అట్ట మీద ఫోటో లేదు. గిటారు నెమ్మదిగా, బరువుగా, భూమి లోపలి నుంచి వస్తున్నట్టు ఉంది. ఒక్కో స్వరం రావడానికి సమయం తీసుకునేది, వచ్చాక పోవడానికి ఇష్టపడేది కాదు. పాట అయ్యాక కూడా ఆయన చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకోలేదు. కరెంటు వచ్చి అంజయ్య లేవబోతుంటే అన్నాడు: "వీడు ఇంక గనిల నుంచి బయటికి రాలే. వీన్ని ఎవరూ కోయలే, పాలిష్ వట్టలే." ఆ రోజు నుంచి వాడి పేరు గనోడు. పాడే ఆయన గొంతు కూడా ఎందుకో లావైందని అంజయ్య అన్నాడు. "మనిషి ముసలోడైతే గొంతు మారదార?" అన్నాడు ఖలీల్ భాయ్. మేము ఒప్పుకున్నాము.

నేను అక్కడున్న ఆరేళ్ళూ ఈ వాదన నడిచింది. మేము వాదించుకున్నది గిటారు గురించే. దాని వెనుక ఇంకేదో ఉందని ఇప్పుడు రాయడం తేలిక, రాయను. అయితే వినడం అక్కడే నేర్చుకున్నాను. ఎందుకు నచ్చిందో చెప్పలేకపోతే ఖలీల్ భాయ్ ఓటు తీసేసేవాడు. "మస్తుంది అంటే నడ్వది. ఏడ మస్తుంది, గది చెప్పు," అనేవాడు. తర్వాత పుస్తకాలు చదవడం మొదలుపెట్టినప్పుడు నేను నన్ను అడుక్కున్న ప్రశ్న అదే. ఇంటర్ మళ్ళీ రాయించింది కూడా ఆయనే. పరీక్షల నెలలో నా పని తన మీద వేసుకుని, సేటుకు నా ఆరోగ్యం బాగాలేదని చెప్పాడు. నాకు తెలిసి ఆయన ఆడిన అబద్ధం అదొక్కటే. పాసయ్యాను, ఉద్యోగం చేస్తూ డిగ్రీ చదివాను, చివరికి వికారాబాద్‌లో గ్రంథాలయంలో కుదురుకున్నాను. తాండూరు వెళ్ళినప్పుడల్లా ముగ్గురం కలిసేవాళ్ళం. ముందు నీలం సంగతి, తర్వాతే పిల్లల సంగతి.

టేపులు అరిగిపోయి, టేప్‌రికార్డర్ మూలకు చేరి చాలా కాలమైన తర్వాత, రెండేళ్ళ కిందట, ఖలీల్ భాయ్ మంచం పట్టాడు. దగ్గు. నాలుగు మాటలకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చేది. చూడబోయినప్పుడు ఒకటి అడిగాడు.

"ఫోన్ల అన్ని దొర్కుతయంట కద. గనోని పేరేందో చూడు. ఇన్నేండ్ల సంది పేరు లేకుంట పిలుస్తున్నం. నేను పోకముందు జర తెలుసుకొని చెప్పు."

ఆ రాత్రే వెతికి ఉండవచ్చు, కానీ మర్నాడు గ్రంథాలయంలో వెతికాను. పత్రికలో చదివిన బ్యాండు పేరుతో వెతికితే మూడో క్యాసెట్ ఆల్బం దొరికింది. ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని వింటే పాట అదే, కానీ ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టు ఉంది. గొంతు సన్నం. గిటారు చల్లగా, పదునుగా, చాలా వేగంగా ఉంది. వాయించినవారి పేరు చూశాను. మొదటి క్యాసెట్ ఆల్బంకు ఉన్న పేరే. గనోడు అని ఎవరూ లేడు. దుకాణంలో అసలు క్యాసెట్ తిప్పే మిషన్ ఆ రోజుల్లో మెల్లగా తిరిగి ఉంటుంది. నకలు లావుగా, బరువుగా వచ్చింది. ఖలీల్ భాయ్ జీవితమంతా వెక్కిరించిన నీలమే ఆయనకు ప్రాణమైన గనోడు.

రెండు వారాలు తాండూరు వెళ్ళలేదు. చావుకు దగ్గరగా ఉన్న మనిషి దగ్గర నుంచి దీన్ని లాక్కోవడం ఎందుకని నాకు నేను చెప్పుకున్నాను. ఏదో ఒక పేరు చెప్తే సరిపోతుందని కూడా అనుకున్నాను. మూడో వారం వెళ్ళి, మంచం పక్కన కుర్చీలో కూర్చుని, దొరకలేదు భాయ్ అన్నాను.

ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. "మల్ల చెప్పు."

"వెతికిన భాయ్. దొర్కలే."

"బోలు ఉంది మాణిక్."

ఇక ఫోన్ తీశాను. ముందు పాట పెట్టాను. మధ్యలో ఏదో చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపాడు. అయిపోయాక మళ్ళీ పెట్టమన్నాడు. రెండోసారి కూడా అయ్యాక, "వీడు నీలమోడు," అన్నాడు. అవునన్నాను. అది ఎలా జరిగిందో నాకు చెప్పే అవసరం రాలేదు, ఆయనే దారి పట్టుకున్నాడు.

"మా సుల్తానా గా దినాలల్ల ఒకటే లొల్లి. గా దుకాణం క్యాసెట్ల ఖవాలీ పాడెటోనికి సర్దయ్యి గొంతు లావైందని. నేనేమన్న? పాడెటోళ్ళకు సర్ది గాదా అన్న." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "మిషన్ మెల్లగైంది. అంతే కద?"

"అంతే భాయ్."

"రాయి కొడ్తే ఎర్కవట్టెటోన్ని. గిది ఎర్కవట్టకపోతి."

ఫోన్‌లో వేగం తగ్గించి వినవచ్చని, గనోడు మళ్ళీ వినిపిస్తాడని చెప్పాను. "ఒద్దు. ఎర్కైనంక ఎట్ల ఇంటం?" అన్నాడు. అంజయ్యకు ఫోన్ కలపమన్నాడు. స్పీకర్ పెట్టాను.

"అంజయ్యా, నువ్వు గెల్చినవ్ ర. గనోడు లేడు. నీ నీలమోడే."

అంజయ్య సంగతంతా విన్నాడు. తర్వాత, "ఏ, ఫోన్ల తప్పు వెడ్తరు భాయ్. గనోడు గనోడే. మనం ఇన్లేదా?" అన్నాడు. వాడి గొంతులో ఏముందో ముగ్గురికీ తెలుసు.

"నువ్వు గూడ గట్లనే చెయ్యకు," అన్నాడు ఖలీల్ భాయ్. "బోలు బండను పక్కకు వెట్టాలె. గెల్చినవ్ అంటే గెల్చినవ్. చాయ్ తాపియ్యి మాణిక్‌కు."

వెళ్ళేటప్పుడు ఆ గిటారిస్టు అసలు పేరు చెప్పాను. రెండుసార్లు పలికాడు, రెండుసార్లూ తప్పుగా. కోపం వచ్చిందా భాయ్ అని అడిగాను. "నీలమోడని కాదు, నువ్వు దాసినందుకు వచ్చింది. రెండు వారాల కింద రావలె నువ్వు," అన్నాడు. ఆ మాట నాలో ఇప్పటికీ ఉంది. ఆయనకు తక్కువగా ఉన్నది రోజులు, నేను అందులోంచి రెండు వారాలు తీసుకున్నాను, దయ అనుకుని.

ఆ తర్వాత ఆయన బతికిన తొమ్మిది నెలల్లో మనవరాలి ఫోన్‌లో నీలం పాటలన్నీ మొదటి నుంచి విన్నాడు. ఒకసారి వెళ్ళేసరికి నన్ను కూర్చోమని సైగ చేసి, పాట అయ్యేదాకా ఆపి, అప్పుడన్నాడు: "వాడు ఉరుకుతలేడు మాణిక్. ఒక్కొక్కటి సక్కగ వెట్టి పోతుండు. నేనే ఇన్లే." ఎక్కడ అని నేను అడగకుండానే, రెండో పాటలో ఒక చోటు చూపించాడు. డెబ్బై దాటిన మనిషి, ముప్పై ఏళ్ళు వెక్కిరించినవాణ్ణి మళ్ళీ మొదటి నుంచి వినడం నేను చూశాను.

ఇప్పుడు గ్రంథాలయానికి తాము రాసింది పట్టుకుని వచ్చేవాళ్ళుంటారు, ఎక్కువగా రిటైరైనవాళ్ళు. ఎలా ఉందని అడుగుతారు. బాగుందని పంపేయడం సులభం. అక్కడ కూర్చునే చదివి, బోలుగా ఉన్న వాక్యం ఏదో వేలు పెట్టి చూపిస్తాను, ఆ రోజే. కొందరు మళ్ళీ రారు.

అంజయ్య కరణ్‌కోట దగ్గర కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఖలీల్ భాయ్ పోయాక ఒకసారి తాండూరు బస్టాండులో కలిశాం. చాయ్ తాగుతూ, "ఇగ చెప్పు, నీలమా, పసుపా?" అని వాడే ఎత్తాడు. పసుపు అన్నాను. ఖలీల్ భాయ్‌లా ఎక్కడ మస్తుందో చెప్పమని వాడు అడగలేదు. నీలం అన్నాడు. నేనూ అడగలేదు. బస్సు వచ్చింది. తర్వాత చాలాసార్లు కలిశాం. గిటారు మాట ఎత్తడం లేదు.