అన్నవరంలో మారిన మహాలక్ష్మి

దిక్కులేని కుక్కకి ఇల్లు చూపిద్దామని బయల్దేరి, ఇల్లున్న కుక్కని ఎత్తుకుపోయినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే విశాఖలో మా సీతమ్మధార రండి. కాఫీ ఇచ్చి మరీ చూపిస్తాను, నన్ను చూస్తే చాలు.

కుక్కల మనసు చదవగలనని నేను నమ్మిన రోజులవి. చదువెక్కడ నేర్చానంటారా? ఆన్‌లైన్ కోర్సు. సగం భోంచేస్తూ, సగం నిద్రపోతూ పూర్తిచేశాను. సర్టిఫికెట్‌ను మాత్రం ఫ్రేము కట్టించి మా తాతగారి ఫొటో పక్కన తగిలించాను. మా అమ్మ పొరపాటున దానికీ దండ వేసింది. ఇప్పుడు ఆలోచిస్తే అది పొరపాటు కాదేమో అనిపిస్తుంది.

సబ్బవరం దగ్గర నేను సాయానికి వెళ్లే కుక్కల షెల్టరొకటుంది. దాన్ని నడిపే రమామణి మేడమ్‌కి మనుషుల మీద నమ్మకం తక్కువ. కుక్కని పెంచుకుంటామని ఎవరైనా అడిగితే, పిల్లనివ్వబోయే ఇంటి గురించి వాకబు చేసినట్టు ఏడుతరాలూ తవ్వుతుంది. అక్కడ గౌరి అని ఒక ఆడకుక్క ఉండేది. మట్టిరంగు ఒళ్లు, నాలుగు తెల్లటి పాదాలు. పిల్లకుక్కలన్నీ కొత్త ఇళ్లకి వెళ్లిపోయాయిగానీ, వయసు మళ్లిన గౌరిని ఎవరూ అడగలేదు. గేటు ముందు ఏ కారు ఆగినా పరుగెత్తుకొచ్చి తోక ఊపేది. కారు వెళ్లిపోయాక కూడా కాసేపు ఊపుతూనే ఉండేది.

చివరికి హైదరాబాదులో అపర్ణగారనే ఆవిడ ఫొటో చూసి గౌరే కావాలంది. మేడమ్ వీడియో కాల్‌లో బాల్కనీ గ్రిల్ మొదలుకొని మొగుడి కోపందాకా అన్నీ పరీక్షించి పాస్ చేసింది. ఆ ఇంటర్వ్యూ నాకు పెట్టి ఉంటే మా ఇంట్లో నన్నే ఉండనిచ్చేది కాదు.

"మరి అంత దూరం తీసుకెళ్లేదెవరు?" అంది మేడమ్.

"నానున్నాను కదా మేడమ్! దాని కళ్లలోకి ఒక్కసారి సూత్తే సాలు, మనసు తెలిసిపోద్ది."

"మనసు సంగతి తరవాత. దారిలో తలుపు తియ్యకు. తీసినా తాడు వదలకు. అంతే."

తెల్లారగానే మా బావ సన్యాసినాయుడి కారులో బయల్దేరాం. ఇక్కడొక మాట చెప్పాలి. విశాఖవాడు హైవే ఎక్కి అటు వెళ్లాడంటే అన్నవరంలో ఆగి ప్రసాదం తినవలసిందే. తినకుండా దాటితే తుఫాను రాకపోయినా టైరైనా పేలుతుందని మావాళ్ల గట్టి నమ్మకం. అలాగే ఆగాం, ఒక టీకొట్టు పక్కన. ప్రసాదం చుట్టిన అడ్డాకు పొట్లం విప్పేసరికి నేతివాసనకి వెనక సీట్లో గౌరి లేచి కూర్చుంది.

"దానికీ ఎట్టు బావా. ఎదర ఉన్నోళ్లకి ఎట్టకుండా పెసాదం తింతే పాపం" అన్నాడు బావ.

పాపభీతితో తలుపు తీశాను. ఒక చేతిలో ప్రసాదం, రెండో చేతిలో సెల్‌ఫోను. రీలు తియ్యాలి కదండీ! తాడు పట్టుకోవడానికి దేవుడు నాకు మూడో చెయ్యివ్వలేదు. గౌరి నా భుజం మీంచి దూకి, లారీల వెనక మాయమైంది.

"గౌరీ, గౌరీ" అని అరుస్తూ టీకొట్టు వెనక్కి పరుగెత్తాం. అక్కడ బల్ల కింద మట్టిరంగు కుక్క, తెల్లటి పాదాలు. నన్ను చూసి తోక ఊపింది. ప్రసాదం పట్టుకున్నవాణ్ణి చూసి తోక ఊపని కుక్క అన్నవరంలో ఉంటుందా అన్న ఆలోచన నాకు రాలేదు. వంగి కళ్లలోకి చూశాను.

"ఇదే బావా! ఈ కళ్లు నాను మరిసిపోనేను."

"మరి మెళ్లో పట్టీ ఏదేటి?"

ఆ పట్టీ మీద నా ఫోన్ నంబరుంది. "పరిగెట్టినప్పుడు ఊడిపోయుంటాది" అని కారెక్కించాను. పాపం, అదీ ప్రసాదం వెంట బుద్ధిగా ఎక్కింది.

కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు అంటారు. రాజమండ్రిలో నేను దాటింది అలాగే. కాకపోతే నేను పట్టుకున్న తోక వేరే కుక్కది.

విజయవాడ దాటాక ఒకచోట దాన్ని దింపాం. బావ నెత్తి గోక్కున్నాడు.

"బావా, ఇది కాలెత్తతన్నాదేటి?"

"ఒత్తిడి బావా. భయమేత్తే ఆడకుక్కలూ అలాగే సేత్తాయి. కోర్సులో సెప్పినారు."

కోర్సులో చెప్పలేదు. అప్పటికప్పుడు నేనే కనిపెట్టాను.

సాయంత్రం హైదరాబాదు చేరేసరికి అపర్ణగారి హాలంతా బెలూన్లు. "మా ఇంటి మహాలక్ష్మికి స్వాగతం" అని మనిషెత్తు బ్యానరు. హారతిచ్చారు, బొట్టు పెట్టారు, మెళ్లో ముత్యాల గొలుసు వేశారు. "ఎంత సిగ్గో చూడండి, ఆడపిల్ల కదా!" అని అపర్ణగారు మురిసిపోతుండగా, మహాలక్ష్మి బ్యానరు దగ్గరికి నడిచింది. వాసన చూసింది. తీరిగ్గా కాలెత్తి, "మహా" నుంచి "లక్ష్మి" దాకా తడిపేసింది.

సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. కంగారులో స్పీకరు నొక్కాను.

"ఏవండీ, అన్నవరంలో టీకొట్టు నూకరత్నాన్నండి. పట్టీ మీద నంబరు చూసి చేశానండి. మీ కుక్క మా కొట్టుకాడ పడుకునుందండి. మా రాంబాబునెవరో తెల్లకారులో ఎక్కించుకుపోయారండి. ఆ కారు తమరిదేనాండి?"

నేను స్పీకరు ఆపే మీట కోసం వెతుకుతున్నాను.

"ఒంటిదాన్నండి. వాడే నాకు తోడండి" అంది. ఫోన్లోంచే కేకేసింది. "రాంబాబూ! ఒరే రాంబాబూ!"

మహాలక్ష్మి ఒక్క ఉరుకున నా మీదికి దూకి, ఫోన్ని నాకేసి, ఇల్లెగిరిపోయేలా మొరిగింది. ముత్యాలు నాలుగు దిక్కులా దొర్లాయి. గౌరిని చేయబోతే రాంబాబైంది. నా బతుకులో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

"ఏటి బావా, దీని కళ్లు ఇప్పుడేటంతన్నాయి?" అన్నాడు బావ.

మర్నాడు బయల్దేరుతుంటే బావ అపర్ణగారినే అడిగేశాడు. "తప్పుగా అనుకోకండమ్మా. మళ్లీ అంత దూరంనుంచి తేడమెందుకు, మీ ఈది సివరే ఒక ముసిలి కుక్క పడుకునుంది. దానికేటి తక్కువ?" ఆవిడ వీధి చివరికి చూసింది. ఇన్నాళ్లుగా రోజూ ఆ కుక్కని దాటుకునే ఆఫీసుకెళ్తోందట. మేం కారెక్కేసరికి గిన్నెలో పెరుగన్నం పట్టుకుని అటే నడుస్తోంది.

అన్నవరంలో తలుపు తియ్యగానే రాంబాబు నూకరత్నం ఒళ్లోకి దూకాడు. ఆవిడ నవ్వుతూ ఏడ్చింది. గౌరి బల్ల కిందనుంచి మా కారుని చూసింది. లేవలేదు, పరుగెత్తుకు రాలేదు. రాంబాబు వెళ్లి పక్కన పడుకుంటే కాస్త జరిగి చోటిచ్చింది.

"ఇదీ ఉండిపోనీండి" అంది నూకరత్నం.

మేడమ్‌కి ఫోన్ చేశాను. నాకు తిట్లయ్యాక నూకరత్నానికి ఇంటర్వ్యూ మొదలైంది.

"కుక్క తిరగడానికి చోటెంతుంది?"

"ఇటు తునిదాకానండి, అటు కత్తిపూడిదాకానండి."

"మీరు ఊరెళ్తే ఎవరు చూస్తారు?"

"రాంబాబండి."

మేడమ్ ఫోన్ నాకిమ్మంది. తరవాత, "ఆవిడ పాస్. నువ్వు ఫెయిల్" అని ఫోన్ పెట్టేసింది.

అందుచేత పాఠకులారా, కొండ మీది సత్యదేవుడి సాక్షిగా, ప్రసాదం పొట్లం చేతపట్టుకుని అక్కడికక్కడే ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఏ కుక్కని కారెక్కించినా ముందుగా దాని కళ్లలోకి చూడను. చూడవలసిన చోటు అది కాదు.