ఉస్తాద్ మైకులో చెప్పిన మాట

పామిడిలో నూర్ అహమ్మద్ దర్జీ పని చేసేవారు. పగలంతా మిషన్ తొక్కి, పొద్దు వాలాక పెన్న ఇసుకలో మాకు కర్రసాము నేర్పేవారు. ఏట్లో నీళ్లు పారే ఏడాది తక్కువ కాబట్టి చోటుకు కొదవ లేదు. మొదటి ఆరు నెలలు నిలబడటమే నేర్పేవారు. కాలు తప్పుగా పడితే తిట్టేవారు కాదు, వచ్చి పాదాన్ని చేత్తో పట్టుకుని సరిగ్గా పెట్టేవారు. ఉస్తాద్ అని పిలిచేవాళ్లం. అలా నలభై ఏళ్లు నేర్పారు.

పోయినేడు పక్షవాతమొచ్చి ఆయన కుడిచేయి పడిపోయింది. ఆయన ఉండగానే సన్మానం చేయాలని పాత శిష్యులం అనుకున్నాం. నేనే వెళ్లి అడిగాను.

"నాకెందుకప్పా భరతూ అవన్నీ" అన్నారు. మళ్లీ ఆయనే, "ఆరీఫా వస్తే వస్తా" అన్నారు.

ఆరీఫా ఆయన కూతురు. ఉరవకొండలో కాపురం. చిన్నప్పుడు మాతోపాటే కర్ర తిప్పేది. ఒకరోజు నుంచి రావడం మానేసింది. ఎందుకని మాలో ఎవరమూ అడగలేదు.

కల్యాణమంటపంలో శాలువా కప్పి, మైకు ఆయన నోటి దగ్గర పట్టుకున్నాను. మాట ముద్దముద్దగా వచ్చింది.

"మీరంతా బాగా నేర్చుకున్నారు. మీ అందరికన్నా బాగా తిప్పింది నా బిడ్డ. పన్నెండేండ్లప్పుడు, బంధువులు ఏమన్నా అంటారని నేనే దాని చేతిలో కర్ర గుంజుకున్నా. ఆ పొద్దు కూడా వచ్చి మీకు నేర్పించినా. తప్పు చేసినా."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మూడో వరసలో ఆరీఫా తల దించుకుని కూర్చుంది. వేదిక మీదికి రమ్మంటే రాలేదు.

తర్వాత ఇద్దరినీ ఆటో ఎక్కించాను. ఆరీఫా, తండ్రి చచ్చుబడిన చేతిని ఆయన ఒళ్లో సర్దింది.

"ఈ మాట ఇంట్లో చెప్పింటే సాలు గదా నాయనా."

"ఇంట్లో నోరు రాలేదమ్మా."

"ముప్పై ఏండ్లు రాలేదా?"

ఆయన ఏడ్చారు. ఆమె పైటకొంగుతో ఆయన మొహం తుడిచింది గానీ, పర్వాలేదని అనలేదు.

మూడు నెలలకు ఉస్తాద్ పోయారు. జనాజా, అంటే ఆయన పాడె, మేమే మోశాం. వాళ్లలో ఆడవాళ్లు పూడ్చే చోటికి, ఖబరస్తాన్‌కు, రారు. వీధి మలుపులో భుజం మార్చుకుంటూ వెనక్కి చూశాను. ఆరీఫా గడప లోపలే నిలబడి ఉంది.