పనికొస్తాడని తెలిస్తే

మాస్టరంటే బడిలో పాఠాలు చెప్పే మాస్టరు కాదు. రెడీమేడ్ చొక్కాలు కుట్టే కంపెనీలో కటింగ్ మాస్టరు. పొడవాటి బల్ల మీద గుడ్డను పొరల మీద పొరలుగా పరిచి, పైన సుద్దతో గీసిన గీత వెంట కరెంటు కత్తిని నడిపించడం ఆయన పని. కత్తి నీళ్లలో చేపలా సాగిపోయేది. ఒక్క పోగు అటూ ఇటూ అయ్యేది కాదు.

ఆ రోజుల్లో ఆయనకి గట్టి అభిప్రాయాలుండేవి. మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకుని కూర్చున్నప్పుడు ప్రభుత్వం మాట వస్తే చాలు, అందుకునేవాడు.

“కష్టపడేవాడి జేబు కత్తిరించి పడుకున్నవాడి నోట్లో పెట్టడం! ఇంతకన్నా గవర్నమెంటు చేసేదేముందయ్యా? వ్యాపారం చేసేవాణ్ణి చెయ్యనివ్వండి, పని చేసేవాణ్ణి తిననివ్వండి. మధ్యలో వీళ్ల పెత్తనమేంటి?”

పక్కవాళ్లు తలలూపేవాళ్లు. కాదనాలని ఉన్నవాళ్లు కూడా, అన్నం చల్లారిపోతుందని ఊరుకునేవాళ్లు.

కత్తికి వేళ్లు తగలకుండా ముందు ఒక రేకు ఉంటుంది. అది అడ్డొచ్చి పని నెమ్మదిస్తోందని సూపర్‌వైజరు దాన్ని తీయించాడు. తనిఖీకి రావలసిన ప్రభుత్వపు మనిషి ఎప్పుడొచ్చినా ఆఫీసు గదిలో టీ తాగి అటునుంచి అటే వెళ్లిపోయేవాడు. ఒకనాడు గుడ్డ జారింది. మాస్టరు కుడిచేతికి బొటనవేలొక్కటే మిగిలింది.

ఆస్పత్రిలో కళ్లు తెరిచేసరికి సూపర్‌వైజరు పళ్లసంచితో మంచం పక్కన నిలబడి ఉన్నాడు. “రేకు మీరే తీసుకున్నారని రాశాం మాస్టరుగారూ. ఏమీ అనుకోకండి, అందరం ఉద్యోగాలు చేసుకునేవాళ్లమే కదా” అని, సంచి స్టూలు మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ పళ్లను మాస్టరు ముట్టుకోలేదు. కొన్నాళ్లకి కంపెనీ కూడా కూలి చవకగా దొరికే మరో చోటికి తరలిపోయింది.

అలా, ప్రభుత్వం సొమ్ము తినేవాళ్లంటే గిట్టని మాస్టరుకి ప్రభుత్వం నుంచే నెలనెలా భృతి రావడం మొదలైంది. పని చేయలేని స్థితిలో ఉన్నవాళ్లకిచ్చే భృతి అది. మొదటి నెల డబ్బు చేతికొచ్చినప్పుడు ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఊరికే ఎందుకిస్తారు? ఇందులో ఏదో ఉంది.”

“ఏముంటుందండీ! మీ వేళ్లేమైనా తిరిగి అడుగుతారా?” అంది భార్య. ఆవిడ ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. రోజంతా ఆవిరిలో నిలబడి నిలబడి మాట కూడా కాస్త వేడెక్కింది.

తిరిగి అడగలేదు కానీ, అంత పనీ చేశారు. ఏడాదికోసారి ప్రభుత్వ డాక్టరు దగ్గరికెళ్లి చెయ్యి చూపించి రావాలి. పోయిన ఏడు లేని వేళ్లు ఈ ఏడు మొలిచాయేమోనని ఆయన ఇటూ అటూ తిప్పి, మొలవలేదని సంతకం పెట్టేవాడు. “కత్తిని చూడ్డానికి ఒక్కనాడూ రాలేదు కానీ, చెయ్యిని చూడ్డానికి మాత్రం ఏడాదేడాదీ తప్పరు” అని మాస్టరు బయటికొచ్చి సణుక్కునేవాడు.

సణుగుడు వెనక భయం ఉంది. ఎడమచేత్తో కత్తెర పట్టడం ఆయన నేర్చుకున్నాడు. మొదట్లో గుడ్డ ఎలక కొరికినట్టు వచ్చేది. పట్టు వదల్లేదు. కిటికీ మూసి, తలుపు గడియ పెట్టి, పాత దుప్పట్ల మీద సాధన చేశాడు. చెయ్యి కుదిరాక దిండు గలీబులు, పిల్లల గౌన్లు కత్తిరిస్తే భార్య మిషను మీద కుట్టేది. లాండ్రీలో తోటివాళ్లకిచ్చి, వాళ్లిచ్చింది పుచ్చుకునేది. ఇంటికది ఆసరాగానే ఉండేది. కానీ పనికొస్తాడని తెలిస్తే భృతి ఆగిపోతుంది. గౌన్లు కత్తిరించి బతకగలడా అంటే, అదీ లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఒకసారి డాక్టరు దగ్గర వరసలో కూర్చున్నప్పుడు పక్కాయన చెవిలో ఊదాడు. “ఇప్పుడు భృతి ఆఫీసువాళ్లు మామూలు మనుషుల్లా ఇళ్ల మధ్యకొచ్చి కాపురముంటున్నారట. ఎవరు నిజం, ఎవరు దొంగ అని కనిపెట్టడానికి.”

ఆ మాట మాస్టరు మనసులో మేకులా దిగబడింది. సరిగ్గా ఆ తర్వాతే ఎదురింట్లోకి కొత్తగా మొగుడూ పెళ్లాలు దిగారు.

సందు ఎంత ఇరుకంటే, ఈ కిటికీలో దగ్గితే ఆ కిటికీలోంచి మంచినీళ్లిచ్చేటంత. ఎదురింటామె పొద్దున్నే పనికి వెళ్లిపోయేది. ఆయన మాత్రం ఇంట్లోనే ఉండేవాడు. వెడల్పాటి భుజాలు, నిటారైన మనిషి. ఏ పనీ చేయడు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఇటే చూస్తుంటాడు.

“గుండులాంటి మనిషి, పనికెళ్లడు, పాటకెళ్లడు. ఇల్లు గడిచేదెలా? ఎవరో ఇస్తున్నారు కాబట్టే కదా!” అన్నాడు మాస్టరు.

“మనింటిని చూసి వాళ్లూ అదే అనుకుంటుంటారు” అంది భార్య.

మాస్టరు వినలేదు. ఆ రోజు నుంచి కిటికీ దగ్గరికొస్తే చాలు, రెండు చేతులూ లేనివాడిలా కూర్చునేవాడు. చొక్కా బొత్తాలు భార్యే పెట్టాలి. అన్నం ముద్దలు కూడా ఆవిడే నోట్లో పెట్టాలి, అదీ ఎదురింటాయన చూస్తుండగా.

“పెళ్లయిన కొత్తలో కూడా ఇంత ముద్దు చేయించుకోలేదు మీరు” అని ఆవిడ ముద్ద కాస్త పెద్దదే కలిపి కుక్కేది. ఆయన నోరు నిండి మాట్లాడలేకపోయేవాడు, కళ్లు మాత్రం ఎదురు కిటికీ మీదే ఉండేవి. ఎదురింటాయన కూడా కళ్లార్పకుండా చూసేవాడు. ఒక్కోసారి మాస్టరు చూస్తున్నాడని తెలియగానే నడుం పట్టుకుని మూలుగుతూ లోపలికి వెళ్లేవాడు.

“చూశావా, నాటకం!” అనేవాడు మాస్టరు. “నాలాంటివాడే అనిపించుకుని మాట కలపాలని ఎత్తు. నేనెందుకు పడతాను!”

మాస్టరువాళ్ల పై అంతస్తులో ఒక మామ్మ ఒంటరిగా ఉండేది. ఒక మధ్యాహ్నం ఆవిడ మెట్ల మీద కాలు జారి కిందికి దొర్లింది. కేక విని మాస్టరు తలుపు తీసేసరికి మలుపు దగ్గర పడి ఉంది. తొడ ఎముక విరిగినట్టుంది, కాలు తిరగబడి ఉంది. అంబులెన్సుకి ఎవరో ఫోన్ చేశారు. వచ్చింది కూడా, కానీ సందు మొదట్లోనే ఆగిపోయింది. లోపలికి తిరగదు. డ్రైవరొక్కడే, స్ట్రెచరు పట్టడానికి రెండో మనిషి లేడు.

మాస్టరు ఇంకేమీ ఆలోచించలేదు. లోపలికి పరుగెత్తి గుడ్డలు కొలిచే చెక్కబద్ద తెచ్చాడు, దుప్పటి తెచ్చాడు. ఎడమచేత్తో కత్తెర ఆడించి దుప్పటిని బారుగా పట్టీలు కోశాడు. మెట్ల కింద మూగినవాళ్లలో ఎవరో ఫోను పైకెత్తి పట్టుకున్నారు. బద్దను కాలికి ఆనించి కట్టాడు, ముడి బిగించడానికి పళ్లు కూడా వాడాడు. తలెత్తేసరికి ఎదురింటాయన ఎదురుగా ఉన్నాడు. సందు దాటి ఎప్పుడొచ్చాడో ఏమో.

“కాలు మీరు పట్టుకోండి, కదలకుండా” అన్నాడాయన. మోకాళ్ల మీద కూర్చుని, మామ్మను చంటిపిల్లలా రెండు చేతుల్లోకి తీసుకుని లేచాడు. మెట్లు దిగాడు. సందంతా నడిచాడు. పక్కన మాస్టరు కాలు పట్టుకుని నడుస్తున్నాడు. జనం కిటికీల్లోంచి, గుమ్మాల్లోంచి చూస్తున్నారు. ఇక్కడా ఒకరిద్దరు ఫోన్లు పైకెత్తారు.

అంబులెన్సు వెళ్లిపోయాక ఇద్దరూ రోడ్డు మీద మిగిలారు. మాస్టరు చంకలో కత్తెర అలాగే ఉంది. ఎదురింటాయన ముఖం పాలిపోయి, చెమటలు కారుతున్నాయి. తేలు కుట్టిన దొంగల్లా ఒకరినొకరు చూసుకున్నారు.

ముందు చేతులు జోడించింది ఎదురింటాయనే. “సార్, నేను గోడౌన్లో మూటలు మోసేవాణ్ణి. నడుం పోయింది. ఇవాళ ఎలా లేపానో నాకే తెలీదు. దయచేసి ఆఫీసులో చెప్పకండి.”

“ఏ ఆఫీసు?”

“మీరు పనిచేసే ఆఫీసు. ఎవరు ఎలా ఉన్నారో చూడ్డానికే కదా మిమ్మల్నిక్కడ పెట్టారు.”

మాస్టరు తన కుడిచేతిని పైకెత్తి చూపించాడు. ఎదురింటాయన ఆ చేతిని చూశాడు కానీ, కళ్లలో అనుమానం పోలేదు. “అలాంటివాళ్లనే పెడతారట కదా” అన్నాడు మెల్లిగా.

సాయంత్రం ఈ సంగతి విని భార్య పడీ పడీ నవ్వింది. మాస్టరుకి నవ్వు రాలేదు. ఎదురింటాయన మర్నాటి నుంచి కిటికీలో కనబడలేదు. మంచం మీద బోర్లా పడి ఉన్నాడు. వాళ్లావిడ భుజం మీద చెయ్యి వేయించుకుని బాత్‌రూముకి తీసుకెళ్తోంది. నాటకమా, నిజమా? మాస్టరు కిటికీ సందులోంచి వారం పొడుగునా చూశాడు. నాటకమాడేవాడు చూసేవాళ్లు లేనప్పుడు కూడా అలా కళ్లనీళ్లు పెట్టుకోడని చివరికి తేల్చుకున్నాడు.

అప్పుడొచ్చింది ఆఫీసు నుంచి మనిషి. దాచుకుంటూ కాదు. పట్టపగలు తలుపు కొట్టి, మెళ్లో గుర్తింపు కార్డు వేసుకుని వచ్చింది. మాస్టరుకి కూతురి వయసుంటుంది. కుర్చీలో కూర్చుని ఫోను తీసింది.

“మాకొక వీడియో వచ్చింది మాస్టరుగారూ. ఇందులో ఉన్నది మీరేనా?”

ఏం చెప్పాలో ఏళ్లుగా మాస్టరు మనసులో వల్లె వేసుకుంటూనే ఉన్నాడు. కంగారులో ఏదో చేశాననాలి. చెయ్యి ఇప్పటికీ నొప్పి పెడుతోందనాలి. ఆయన ఫోనులోకి తొంగి చూశాడు. తన ఎడమచేతిని బయటినుంచి చూడటం అదే మొదటిసారి. కత్తెర ఆగకుండా, వణక్కుండా సాగిపోతోంది.

“మీకు అలవాటేనా ఇలా కత్తిరించడం?” అందామె.

“అది మామూలు గుడ్డ కాదమ్మా, ఆస్పత్రి దుప్పటి. నేత మహా గట్టిది. అయినా చూడండి, ఎక్కడైనా వంకర ఉందేమో!” అన్నాడు మాస్టరు.

వంటింటి గుమ్మంలో భార్య నుదురు కొట్టుకుంది. ఆఫీసు మనిషి ఏదో రాసుకుంది. ఆయన నాలుక కరుచుకున్నాడు. అప్పటికే మాట జారిపోయింది.

“ఎదురింటాయన సంగతి కూడా చెప్పండి. బరువులు మోస్తుంటారా?”

ఇక్కడ మాస్టరు ఆగాడు. ఆమె ఇద్దరినీ కలిపి ఎందుకడుగుతోంది? ఒకరి మీద ఒకరు చెబితే ఒకరి భృతైనా నిలబెడతారా? మోస్తాడని ఒక్క మాటంటే చాలు. నిజానికి అది అబద్ధం కూడా కాదు.

“మోశాడమ్మా, ఒకే ఒక్కసారి” అన్నాడు. “అప్పట్నుంచి వాళ్లావిడ ఆయన్ని మోస్తోంది.”

“మీకెలా తెలుసు?”

“కిటికీలోంచి చూస్తాను.”

“ఎప్పుడైనా చూస్తారా, రోజూనా?”

“రోజూ.”

ఆమె చిన్నగా నవ్వింది. ఆ నవ్వుకి అర్థమేమిటో మాస్టరుకి అంతుపట్టలేదు. ఆమె లేచి సందు దాటి ఎదురింట్లోకి వెళ్లింది. మాస్టరు కిటికీకి అతుక్కుపోయాడు. గొంతులు తగ్గించుకున్నారు, మాటలు వినబడటం లేదు. మంచం మీది మనిషి కష్టంగా తలెత్తాడు, చెయ్యెత్తాడు, వేలితో ఇటు చూపించాడు. సరిగ్గా మాస్టరు కిటికీ వైపే చూపించాడు.

కొన్నాళ్లకి నిర్ణయాలొచ్చాయి. ఎదురింటాయనకి భృతి అలాగే సాగుతుంది. మాస్టరుకి సగం తగ్గించారు. మిగతాది పని చేసి సంపాదించుకోవచ్చు, ఎంత వచ్చిందో ఎప్పటికప్పుడు ఆఫీసుకి చెప్పాలి.

“చూశావా, వాడు నా మీద చెప్పేశాడు!” అన్నాడు మాస్టరు.

“మీ నోటితో మీరే చెప్పుకున్నారుగా!”

“నేను చెప్పింది గుడ్డ గురించి.”

తగ్గించినందుకు కోపం వచ్చినా, దాంతోపాటు ఒక ఊరట కూడా వచ్చింది. సెంటర్లో ఉన్న యూనిఫారాల షాపువాళ్లు ఆయన్ని పొద్దుటి పూట కటింగ్ బల్ల దగ్గరికి రమ్మన్నారు. అందరూ చూస్తుండగా కత్తెర పట్టుకుని నిలబడటంలో ఉన్న సుఖం ఆయన మర్చిపోయాడు. షాపు యజమాని జీతం ఖాయం చేసినప్పుడు మాత్రం, భృతి సగం వస్తోంది కదా అని ఈయన తక్కువ ఇస్తున్నాడేమోనన్న అనుమానం లోపల తొలిచింది. అడిగితే ఉన్నది కూడా ఊడుతుందని అడగలేదు.

మామ్మ కర్ర పట్టుకుని తిరిగొచ్చిన వారంలో ఆయన ఎదురింటి మెట్లెక్కాడు. ఎదురింటాయన నడుం కింద వేడినీళ్ల సంచి పెట్టుకుని పడుకుని ఉన్నాడు. మాస్టరుని చూసి లేవబోయాడు.

“పడుకో, పడుకో” అని మాస్టరు స్టూలు లాక్కున్నాడు. అదీ ఇదీ మాట్లాడారు. గోడౌను యజమాని సంగతి, రేకు తీయించిన సూపర్‌వైజరు సంగతి. రెండు కథలూ ఒక్క తానులో ముక్కల్లాగే ఉన్నాయి. చివరికి మాస్టరు ఉండబట్టలేక అడిగేశాడు.

“ఆ రోజు ఆవిడ నా గురించి ఏమడిగింది?”

“ఏదైనా పని చేస్తారా అని అడిగింది మాస్టరుగారూ. అదిగో ఆ కిటికీలోనే, అన్నం కూడా వాళ్లావిడే తినిపిస్తుంది, నా కళ్లతో చూశానని చెప్పాను. నా పిల్లల మీద ఒట్టేసి చెప్పాను.”

మాస్టరు ఆయన చెయ్యి ఒకసారి నొక్కి లేచాడు. మెట్లు దిగుతుంటే మనసు తేలికపడింది. సందు మధ్యకొచ్చాక అడుగు నెమ్మదించింది. ఆ మొగుడూ పెళ్లాల దగ్గరికి పిల్లలెవరూ వచ్చినట్టు ఇన్నాళ్లలో ఆయన చూడలేదు. ఒకవేళ ఉండి ఎక్కడో చదువుకుంటున్నారేమో. అడుగుదామని వెనక్కి తిరిగాడు. మళ్లీ ఎందుకులే అనుకుని ఇంట్లోకి నడిచాడు.