కండక్టరమ్మ తాగని నీళ్లు

లోకం ఇంకా దుప్పట్లో ఉండగానే కండక్టరమ్మ టికెట్ల మిషను భుజాన తగిలించుకుని మొదటి బస్సు ఎక్కాలి. కడుపు ఆమెను పిలిచేది మాత్రం ఎండెక్కాక, బస్సు కిక్కిరిసి ఉన్నప్పుడు. దారిలో ఆడవాళ్లు వెళ్లదగ్గ చోటు లేదు. చివరి స్టాపులో ఒక రేకుల గది ఉందిగానీ, దాని తలుపుకు గొళ్లెం లేదు, లోపల నీళ్లు లేవు. అందుకని ఆమె పళ్లు బిగబట్టి, ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు అనుకుంటూ ఏళ్లు గడిపింది. చివరికి కడుపు పిలవడమే మానేసింది. పిలిస్తే పలకనివాళ్లను ఎవరు మాత్రం ఎన్నాళ్లని పిలుస్తారు?

నీళ్లు తాగితే ఇంకో బాధ కాబట్టి నీళ్లూ మానేసింది. సంచిలో సీసా ఉండేది. గొంతు మరీ పిడచకట్టుకుపోతే పెదవులు తడుపుకోవడానికే అది.

ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆమె, అత్తగారు. మధ్యలో ఉండవలసిన మనిషి పోయి చాలాకాలమైంది. ఆయన పోయాక ఒకరినొకరు వదులుకోలేదు, అలాగని ప్రేమలు ఒలకబోసుకున్నదీ లేదు. ఒకే గొడుగు కింద నడిచే ఇద్దరిలా, భుజాలు తడుస్తున్నా సర్దుకుపోయారు.

కోడలి ముఖం పీక్కుపోవడం చూసి, విరేచనం కావడానికి సునాముఖి ఆకు మొదలుపెట్టింది అత్తగారే. ఆకు ఎండబెట్టి, దంచి, జల్లెడపట్టి, పడుకునే ముందు వేడినీళ్లలో కలిపి చేతికిచ్చేది. చెట్టు ఇచ్చింది ఎవరికీ చెడు చెయ్యదని ఆవిడ అనేది. మొదట్లో చిటికెడు చాలేది. తరవాత చెంచా అయింది. ఆ తరవాత చెంచా మీద గుట్ట కట్టింది. ఆ గుట్ట లేకపోతే కడుపు కదలనని మొండికేసేది. వేసుకుంటే కదిలేదిగానీ, ఎప్పుడు కదులుతుందో దాని ఇష్టం.

ఒకనాడు బస్సు వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. అప్పుడు మొదలైంది. కడుపులో ఎవరో తడిబట్ట పిండుతున్నట్టు మెలిపెట్టింది. ఒళ్లంతా చెమట. కడ్డీ పట్టుకుని కళ్లు మూసుకుని నిలబడిపోయింది. చిల్లర అడిగినవాళ్లకు చిల్లర అందలేదు, టికెట్ అడిగినవాళ్లకు జవాబు అందలేదు. డ్రైవరు అద్దంలో ఒకసారి చూశాడు. వంతెన దిగగానే, స్టాపు కాని చోట, పెట్రోలు బంకు పక్కన బస్సు ఆపేశాడు. బంకులో పనిచేసే ఆవిడ ఆమె ముఖం చూసి, ఏమీ అడక్కుండా మరుగుదొడ్డి తాళంచెవి చేతిలో పెట్టింది.

తిరిగి వచ్చేసరికి బస్సంతా ఆమె వైపే చూస్తోంది. ముందుసీటు పెద్దమనిషి, తామూ ఉద్యోగాలకే పోతున్నామని, ఆలస్యమైతే ఎవరు జవాబు చెబుతారని గొణిగాడు. సిగ్గుపడటానికి కూడా ఓపిక కావాలి. ఆ రోజు ఆమె దగ్గర అది లేదు. రైట్ అని చెప్పి మిషను నొక్కడం మొదలుపెట్టింది.

డ్రైవరును డిపోలో అందరూ మూగనోము అంటారు. ఇన్నేళ్లు ఒకే బస్సులో తిరిగినా అతను హారన్‌తో మాట్లాడినంత కూడా నోటితో మాట్లాడలేదు. అలాంటివాడు చివరి స్టాపులో టైరు పక్కన నిలబడి, నేల చూపులు చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"చెల్లెమ్మా, నాదీ ఇదే బాధ. ఇంజను వేడికి, కూర్చుని కూర్చునీ. మొదట సునాముఖి ఆకే వాడాను, ఇప్పుడు ఇసబ్గోలు పొట్టు వేసుకుంటున్నాను. అది ఆకులా తరమదు. మెల్లిగా కానిస్తుంది."

ఇన్నేళ్లకు నోరు విప్పి చెప్పిన మాట ఇదా అని ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే మళ్లీ కడుపు కదులుతుందేమోనని ఆపుకుంది.

పొట్టు డబ్బా ఇంటికొచ్చింది. అత్తగారు చూసి, అయితే నా ఆకు చేదైందన్నమాట అని ముఖం తిప్పుకుంది. వంటింటి అరలో రెండు డబ్బాలూ సవతుల్లా పక్కపక్కనే కూర్చున్నాయి. కండక్టరమ్మ ఇద్దరినీ నొప్పించలేక రాత్రి ఆకు, పొద్దున పొట్టు మింగింది. పొట్టుకు గ్లాసు నిండా నీళ్లు తాగాలని డబ్బా మీద రాసే ఉంది. ఆమె ఒక్క గుక్కతో సరిపెట్టింది. నీళ్లు తాగితే బస్సులో ఏం చేస్తుంది? వారం తిరక్కుండానే కడుపు డోలులా బిగుసుకుపోయింది. ఇక లాభం లేదని సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్లింది.

డాక్టరమ్మ కడుపు నొక్కి చూసి, రక్తం ఏమైనా పడుతోందా, బరువు తగ్గావా అని అడిగి, పరీక్షలు రాసింది. భయపడాల్సిందేమీ కనబడలేదు. ఆకు చెడ్డది కాదుగానీ ఎప్పుడైనా ఒకసారి వాడుకోవలసినదని, అలిసిన ఎద్దును రోజూ కొరడాతో కొట్టి నడిపించకూడదని చెప్పింది. పొట్టు మంచిదే, కానీ నీళ్లు లేకుండా మింగితే లోపల ఉండకట్టుకుంటుందట. ఆకు మెల్లమెల్లగా తగ్గించు, పొట్టు కొంచెంతో మొదలుపెట్టు, బాగా నీళ్లు తాగు, పిలుపు రాగానే వెళ్లు, ఆపుకోవద్దు అంది.

"బస్సులోనా డాక్టరమ్మా?" అని అడిగింది కండక్టరమ్మ.

ఆవిడ కలం కింద పెట్టింది. దానికి మందు ఆవిడ దగ్గర లేదు.

ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే వంటింటి గడప మీద కూలబడింది. ఇక ఆకు తగ్గిస్తానత్తయ్యా అంది. అత్తగారు దెప్పుతుందనుకుంది. కానీ ఆవిడ చాలాసేపు చేతిలోని గరిటె తుడుస్తూ ఉండిపోయింది.

"నేను మాత్రం సుఖంగా పోతున్నాననుకున్నావా?" అంది చివరికి. "నీ పెళ్లికి ముందునించీ ఆకే. ఒక్కరోజు మానితే లోపల రాయి పడ్డట్టుంటుంది. నీకిచ్చినప్పుడు తెలుసు, ఇది అలవాటవుతుందని. ఇంకేం ఇవ్వాలో తెలియక ఇచ్చాను."

కండక్టరమ్మకు కోపం రాలేదు. లేచి రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి, రెండింటిలోనూ కొంచెం కొంచెం పొట్టు కలిపింది. జిగురెక్కకముందే తాగాలత్తయ్యా అంది. ముసలావిడ ముక్కు మూసుకుని తాగి, దీనికి రుచీ లేదు పచీ లేదు, మందంటే చేదైనా ఉండాలి అని సణిగింది.

మర్నాడు బస్సెక్కేముందు మూగనోముకు ఆమె ఒక మాట చెప్పింది. ఇకనుంచి నీళ్లు తాగుతానన్నయ్యా, బంకు దగ్గర ఆగాలి అంది. అతను తల ఊపాడు. అప్పటినుంచి ప్రతి ట్రిప్పులో బంకు పక్కన బస్సు ఆగేది. ఇంజను ఆపి, తాళంచెవి వేలికి తిప్పుకుంటూ కూర్చునేవాడు. జనం గొణిగారు. డిపోలో పిలిచి అడిగితే కండక్టరమ్మే వెళ్లి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పై అధికారి చెవులు ఎర్రబడ్డాయి. మళ్లీ అడగలేదు. రేకుల గదికి గొళ్లెం వేయించమంటే మాత్రం చూద్దామన్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నాడు.

పొట్టు ఒక్కరోజులో పని చెయ్యలేదు. మొదట్లో కడుపు ఉబ్బింది, మళ్లీ ఆకు డబ్బా వైపు చెయ్యి పోయింది. కొన్నాళ్లకు గుట్ట చెంచా అయింది, చెంచా చిటికెడయింది. అత్తగారిది ఇంకా చెంచా దగ్గరే ఉంది, ఆవిడ పాత మనిషి. కండక్టరమ్మకు కొన్ని రోజులు బాగుంటుంది, కొన్ని రోజులు ఉండదు. కాళ్ల నొప్పులు, నడుం నొప్పి ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఈమధ్య బంకు దగ్గర బస్సాగితే ఆమె ఒక్కతే దిగడం లేదు. మొదట బడి పంతులమ్మ దిగింది, తరవాత నర్సు, ఆ వెనక చంటిపిల్లను ఎత్తుకున్న ఒకావిడ. ఎవరూ ఎవరి ముఖమూ చూడరు. ఒకరి సంచి ఒకరు పట్టుకుంటారు. కండక్టరమ్మ అందరినీ ముందు పోనిచ్చి, గోడకు ఆనుకుని, తన వంతు కోసం కళ్లు మూసుకుని నిలబడుతుంది.