చేపలు వేయించి కొన్న ఆర్గన్

2009లో, ఒక శనివారం, అమెరికాలో అట్లాంటా నుంచి మేకన్ వెళ్లే బస్సులో నా పక్కన అరవై దాటిన నల్లజాతి సంగీతకారుడు కూర్చున్నాడు. శనివారాలు క్లబ్‌లో సోల్ అనే నల్లవాళ్ల ప్రేమపాటలకు, ఆదివారాలు చర్చిలో ప్రార్థనకు, హార్మోనియంలా మెట్లుండే పెద్ద వాద్యం, ఆర్గన్ వాయిస్తాడట. క్లబ్ మానకపోతే చర్చిలో ఆర్గన్ ముట్టుకోనివ్వనని కొత్త పాస్టర్ హెచ్చరించాడట.

"అయితే చర్చే మానేయండి," అన్నాను. దేవుణ్ణి వదిలేసి నలభై ఏళ్లయిన నాకు అంతకంటే తేలికైన సలహా తోచలేదు.

ఆయన కస్సుమన్నాడు. "నేనెందుకు మానాలి బ్రదర్? మా అమ్మా, ఆమె స్నేహితురాళ్లూ చేపలు వేయించి అమ్మి కొన్న ఆర్గన్ అది. నా వేళ్లకు పాట వచ్చింది దాని మీదే. చర్చిలో 'ప్రభూ' అంటాం, క్లబ్‌లో 'పిల్లా' అంటాం. రాగం ఒక్కటే!"

"దేవుడికి కోపం రాదా?"

"పాస్టర్‌కి వస్తుంది. దేవుడు నాతో ఇంతవరకూ ఏమీ అనలేదు."

"నాతోనూ అనలేదు," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

మర్నాడు ఆ చర్చికి వెళ్లాను. పాస్టర్ చూస్తుండగానే ఆయన ఆర్గన్ ముందు కూర్చుని క్లబ్ పాట ఎత్తుకున్నాడు. పాస్టర్ ఏదో అనబోయాడు. అప్పటికే ముందు వరసలో ముసలమ్మలు, ఆనాడు చేపలు వేయించినవాళ్లు, లేచి నిలబడి చప్పట్లు అందుకున్నారు. ఆ హోరులో పాస్టర్ మాట ఎవరికీ వినపడలేదు.

ఏ గుళ్లోనూ చేతులు జోడించని నేను, ఆ రోజు అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను.